పంపులో చీమలు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో, రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్ల మీద వేసిన కథనం చదివాను. గదిలో రహస్య కెమెరా ఉంటే ఎలా కనిపెట్టాలి, అద్దం వెనకనుంచి కనపడే రకమేమో వేలు పెట్టి ఎలా చూడాలి, లైట్లన్నీ ఆర్పేసి సెల్‌ఫోన్ కెమెరాతో ఎలా వెతకాలి, అన్నీ వివరంగానే రాశారు (ఆ వేలు పెట్టి చూసే టెస్టుని మాత్రం మరీ నమ్మకండి, కొన్ని మామూలు అద్దాలు కూడా అనుమానం పుట్టిస్తాయి). చివరికొచ్చేసరికి ఇల్లు ఇచ్చేవాళ్లంతా ఒక తాను ముక్కలే అన్నట్టు తేల్చేశారు. నేనూ ఆ తానులో ముక్కనే. విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి కింది పోర్షన్, రెండు బెడ్‌రూములు, ఆరేళ్లుగా ఇలా ఇస్తున్నాం. తప్పు నేనూ చేశాను. కాకపోతే అది మీరు రాసిన రకం తప్పు కాదు. దాని గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నా, కొంచెం పెద్దదైతే ఏమనుకోకండి.

మావారు రిటైరయ్యారు. ఇంతకుముందు ఆ పోర్షన్ నెలవారీ అద్దెకిచ్చేవాళ్లం, ఒకాయన ఖాళీ చేసి వెళ్లేటప్పుడు పెట్టిన ఇబ్బందికి విసుగొచ్చి ఊరుకుంటే, హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాడు. ఏ యాప్ అన్నది ఇక్కడ అనవసరం. శని, ఆదివారాలు హైదరాబాదు, ఖమ్మం, రాయపూర్, భువనేశ్వర్ నుంచి కుటుంబాలు వస్తాయి, డిసెంబర్ అయితే చెప్పక్కర్లేదు. డబ్బులు బాగానే వస్తాయి. దాంతోపాటే ఫోను టింగుమంటే గుండె గుబుక్కుమనే జబ్బు కూడా వచ్చింది.

అసలు సంగతికొస్తా. ఒక డిసెంబరు శనివారం రాత్రి తొమ్మిదింటికి కింద దిగిన కుటుంబం నుంచి మెసేజ్. "ఆంటీ, బాత్రూంలో పంపు ముట్టుకుంటే చీమలు కుడుతున్నాయని మా పాప ఏడుస్తోంది, ఒకసారి చూస్తారా?" పాపకి ఆరేళ్లు. నేనేం చేశానంటే, సీరియల్ చూస్తూనే, సింకు కింద అరలో చీమల చాక్‌పీస్ ఉందమ్మా, ఓ గీత గీయండి, అని జవాబు పెట్టాను. రెండు నిమిషాల్లో మళ్లీ వచ్చింది. "చీమలు కాదాంటీ, నేను కూడా ముట్టుకున్నా, సన్నగా షాక్ లాగా ఉంది." దానికి నేనిచ్చిన జవాబు ఇప్పటికీ ఫోన్లో అలాగే ఉంది, చెరపలేదు: "ఇంతవరకు ఎవరూ చెప్పలేదమ్మా. గీజర్ ఆపేసి స్నానం చేయండి, లేదంటే రబ్బరు చెప్పులు వేసుకోండి. రేపు ఆదివారం, సోమవారం ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను."

చెప్పులు వేసుకుని స్నానం చేయమన్నాను సార్, ఆరేళ్ల పిల్ల ఉన్నవాళ్లకి. చెడ్డదాన్ని కాబట్టి అన్నానా అంటే, కాదు. ఆ మెసేజ్ చదవగానే నాకు పాప కనపడలేదు, యాప్‌లో గెస్టులిచ్చే స్టార్లు కనపడ్డాయి. ఈవిడేదో గొడవ పెట్టి డబ్బులు వెనక్కి అడుగుతుంది కాబోలు అన్న ఆలోచన ముందొచ్చింది. షాక్ అన్న మాట దాని వెనకెక్కడో ఉండిపోయింది. నాలాంటి వాళ్లందరికీ జరిగేది ఇదే. సరిచేయాల్సింది కూడా ముందు దీన్నే అని నా అభిప్రాయం.

మావారు మాత్రం ఊరుకోలేదు. కిందికెళ్లి ముందు గీజర్ స్విచ్ ఆపించి, ఆ బాత్రూంకి తాళం వేసి, మా పై పోర్షన్లో బాత్రూం వాడుకోమని వాళ్లని పైకి పిలిచారు. మర్నాడు ఆదివారమైనా బతిమాలితే మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. గీజర్ స్విచ్ వేసి టెస్టర్ పంపుకి ఆనించాడు. అందులో ఎర్ర బల్బు వెలిగింది. నీళ్ల పంపుకి సార్, స్విచ్చుకి కాదు. తర్వాత గీజర్ సాకెట్ ప్లేటు విప్పి, నన్ను పిలిచి లోపల చూపించాడు: "ఏటమ్మా ఇది, మూడో కంతకి వైరే లేదు కదా. ఇల్లు కట్టినప్పుడే ఇవ్వలేదు." ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉన్నాయి, సాకెట్‌కి మూడు కంతలూ ఉన్నాయి, పైదాని వెనకాల గోడలో ఏమీ లేదు. పదిహేనేళ్లుగా ఎర్త్, అంటే కరెంటు లీకైతే నేలలోకి పోయే దారి, ఉందనుకుంటూ బతికాం. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ ఉప్పుకి గీజర్ లోపలి ఎలిమెంట్ తినేసి పగులిచ్చింది, కరెంటు నీళ్లలోకి దిగి ఇనప పైపు మీదుగా పంపుదాకా వచ్చింది.

మరి మెయిన్ బోర్డులో ట్రిప్ పడే స్విచ్ ఉంది కదా, ఎందుకు పడలేదు అనడిగాను. చాలామందికి ఇదే అనుమానం ఉంటుంది కాబట్టి అతను చెప్పింది రాస్తున్నా. మన ఇళ్లలో ఉండే ఎంసీబీ లోడు ఎక్కువైనప్పుడు, షార్ట్ అయినప్పుడు పడుతుంది. అది వైర్లని కాపాడేది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు దానికి లెక్కలోకే రాదు. మనుషుల కోసం ఉండేది వేరే, ఆర్‌సీసీబీ అంటారు. వెళ్లిన కరెంటు తిరిగి వస్తోందో లేదో చూస్తూ, 30 మిల్లీఆంపులు ఎక్కడికైనా పక్కకి జారితే చాలు టక్కున పడిపోతుంది. దాని మీద టెస్ట్ బటన్ ఒకటుంటుంది, అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలి. నాకు దానికైన ఖర్చు మూడు వేల చిల్లర. అదే ఏడాది ఫొటోల్లో బాగుంటుందని హాల్లో ఉయ్యాల వేయించాను, దానికి పద్దెనిమిది వేలు పోశాను.

ఆ తల్లి రివ్యూ ఏమీ రాయలేదు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నిలబడి, కోపంగా కూడా కాదు, "మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా ఆంటీ?" అని మాత్రం అడిగింది. మా మనవరాలు ఏటా వేసవిలో వచ్చి స్నానం చేసేది ఆ బాత్రూంలోనే.

అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి మార్చుకున్నాం. షాక్, గ్యాసు, పొగ, తాళం, భయం, ఈ మాటల్లో ఏ ఒక్కటి మెసేజ్‌లో కనపడినా టైపు చేస్తూ కూర్చోవడం లేదు, ఫోన్ చేస్తాం. ముందు ఆ వస్తువు ఆపండి, ఆ గదిలోంచి బయటికి రండి, అని చెప్పి మాలో ఒకరం కిందికి దిగుతాం. గ్యాసు వాసనంటే స్విచ్చులు వేయొద్దు, తీయొద్దు, రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరవమంటాం. ఎల్పీజీ గాలికంటే బరువు, నేల మీదే ఉండిపోతుంది కాబట్టి కిటికీ కంటే ముందు తలుపు తెరవాలి. గ్యాస్ లీకేజీకి 1906, మిగతా దేనికైనా 112, ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద అంటించాం. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు అన్న వాక్యం మా ఇంట్లో బందు. పాతవాళ్లు చెప్పలేదంటే ఇబ్బంది లేదని కాదు, వాళ్లలో సగం మంది మొహమాటానికి ఊరుకుని ఉంటారు.

మొహమాటమంటే గుర్తొచ్చింది. ఏదో పరీక్ష రాయడానికి ఒకమ్మాయి ఒక్కతే వచ్చి రెండు రాత్రులుంది. ఐదు స్టార్లిచ్చింది, ఇల్లు శుభ్రంగా ఉందని రాసింది. తను వెళ్లాక చూస్తే డైనింగ్ టేబుల్ దగ్గరుండాల్సిన కుర్చీ వీధి తలుపు పక్కన ఉంది. పనమ్మాయి దాన్ని తీసి ఎప్పటి చోట పెట్టేయబోయింది, నేనే ఆగమన్నాను. కుర్చీ వెనక కట్టె మీద తలుపు హ్యాండిల్ ఒరుసుకున్న గీత ఉంది, టైల్స్ మీద కాళ్లు ఈడ్చిన చారలున్నాయి. రాత్రిపూట తలుపుకి కుర్చీ ఆనించి పడుకుందన్నమాట. ఎందుకా అని తలుపు చూస్తే లోపలివైపు గడియ లేదు. కొత్త తాళం బిగించినప్పుడు వడ్రంగి పాత గడియ పీకేశాడు, మేం పట్టించుకోలేదు. ఆ తాళానికి చెవులు మూడు: గెస్టు దగ్గరొకటి, నా దగ్గరొకటి, పనమ్మాయి దగ్గరొకటి. ఇంతకుముందు దిగినవాళ్లలో ఎవరైనా నాలుగోది చేయించుకున్నారో లేదో దేవుడికెరుక.

ఉండబట్టలేక ఆ పిల్లకి మెసేజ్ పెట్టాను, రాత్రి భయమేసిందా తల్లీ అని. మర్నాటికి జవాబొచ్చింది: "మీ తప్పేం లేదాంటీ, రాత్రి ఎవరో రెండుసార్లు బెల్లు కొట్టారు, నేను తియ్యలేదు." ఆ కొట్టింది ఎవరో కాదు, మావారే. నీళ్లు సరిగ్గా వస్తున్నాయో లేదో అడుగుదామని పోయారట. ఆయన మంచికే పోయారు, కానీ కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, తలుపవతల ఒంటరిగా ఉన్న పిల్లకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? గడియ బిగించాం, తలుపుకి కన్ను పెట్టించాం, రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చేయకుండా ఎవరం బెల్లు కొట్టం. నిజానికి ఫిర్యాదు అనేది ఆమె చేయనే లేదు. చేసినవాళ్లని చూసి చిరాకు పడతాం గానీ, చేయకుండా వెళ్లిపోయేవాళ్ల గురించే ఎక్కువ టెన్షన్ పడాలని నాకు ఆ కుర్చీని చూశాకే అర్థమైంది.

అలాగని వచ్చే ప్రతివాడూ సత్యహరిశ్చంద్రుడేం కాదు. ముగ్గురు కుర్రాళ్లు మూడు రోజులుండి, హాయిగా వండుకు తిని, వెళ్లిన మర్నాడు మెసేజ్ పెట్టారు: వరండా రెయిలింగ్ ఊగుతోంది, ప్రాణాలకి ముప్పు, సగం డబ్బు వెనక్కివ్వకపోతే రివ్యూలో రాస్తాం. మా అబ్బాయికి ఒళ్లు మండిపోయింది, బెదిరింపని యాప్‌లో రిపోర్ట్ కొడదామన్నాడు. కొట్టు, కానీ ముందు నేను చూసొస్తానన్నాను. వెళ్లి రెండు చేతులతో పట్టుకుని ఊపితే, ఊగింది. పైన రంగు నిగనిగలాడుతోంది, అడుగున బోల్టు చుట్టూ గోటితో గీకితే తుప్పు పొరలుగా రాలింది. సముద్రపు గాలికి మా ఊళ్లో ఇనుము సంగతి ఇంతే, రెండేళ్లకోసారి విప్పి చూసుకోకపోతే లోపల్లోపలే తినేస్తుంది. వాళ్లు డబ్బు కోసం అడిగినవాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. రెయిలింగ్‌కి ఆ సంగతి తెలియదు కదా, అది ఊగుతూనే ఉంది. డబ్బులివ్వలేదు. రెయిలింగ్ మార్పించి ఫొటో పంపాను, థ్యాంక్స్ కూడా చెప్పాను. రెండు స్టార్లు పెట్టారు. పెట్టనీ.

ఇక మీరు రాసిన కెమెరాల సంగతి. ఇలా ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ యాప్ వాళ్లు 2024 ఏప్రిల్ 30 నుంచి ఇళ్ల లోపల కెమెరాలే ఉండకూడదన్నారు, అంతకుముందు హాల్లాంటి చోట్ల ముందే చెప్పి పెట్టుకోనిచ్చేవారు. మన చట్టం సంగతైతే, ఆడవాళ్లని బట్టలు మార్చుకునేచోట, స్నానాల గదిలో చాటుగా చూసినా, చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. మా ఇంట్లో ఉన్నది ఒకటే కెమెరా, గేటు బయట, ఉందని యాప్‌లోనే రాశాం. అయినా ఒక కొత్త జంటకి బెడ్‌రూం పైకప్పులో ఎర్రగా మినుకుమినుకుమంటున్న పొగ అలారం చూసి అనుమానం వచ్చింది. ఆ అబ్బాయి మాట పెంచాడు. నాకూ కోపమొచ్చింది, కొడుకు వయసువాడు నన్ను పట్టుకుని అలా అనడమేంటని. కానీ మీ కథనాల్లాంటివి చదివి వచ్చిన పిల్లలు, భయపడక ఏం చేస్తారు? స్టూలు తెచ్చి, దాన్ని ఆ అబ్బాయితోనే విప్పించాను, మూత తీయించాను, లోపల బ్యాటరీ, చిన్న బోర్డు చూపించాను. బుజ్జగించడానికి దాన్ని అవతల పడేయలేదు, పొగ వస్తే అరిచేది అదొక్కటే కాబట్టి మళ్లీ అతని చేతే బిగింపించాను. పది నిమిషాల పని. నా మీదే అనుమానమా అని నేను గొంతు పెంచి ఉంటే ఆ పది నిమిషాలు పోలీస్ స్టేషన్ దాకా పోయేవి.

ఇంకో ముఖ్యమైన సంగతి, అరకు వైపు ఇళ్లిస్తున్న మావాళ్ల కోసం. మా ఆడపడుచు వాళ్లకి అక్కడ చిన్న కాటేజీ ఉంది. చలికాలం టూరిస్టులు గదిలో వెచ్చగా ఉంటుందని బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకుంటారు. ఇంకొందరు యజమానులు కిటికీ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్ పెడతారు. గాలి ఆడక మంట సరిగ్గా మండకపోతే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి. అరకులో గెస్టు ఫోన్ చేసి తల తిరుగుతోందంటే మనం ఏమంటాం? ఘాట్ రోడ్డు కదండీ, అందరికీ అంతే, కాస్త నిమ్మరసం తాగి పడుకోండి. తాగారేమో అనిపిస్తే ఆ మాట కూడా అనం, లోపల నవ్వుకుంటాం. పడుకుంటే లేవరు సార్. 2019 మేలో చిలీ రాజధాని శాంటియాగోలో అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ఆరుగురు బ్రెజిల్ టూరిస్టులు ఈ గ్యాసుకే పోయారు. 2022లో మెక్సికో సిటీలో ముగ్గురు అమెరికన్లు, అదీ అద్దె ఇంట్లోనే, ఇదే గ్యాసుకి. అందుకే మా ఆడపడుచుకి చెప్పాను, తల తిరుగుతోందని ఒక్కరన్నా గదిలో ఉన్నవాళ్లందర్నీ బయటికి రప్పించు, ఘాట్ రోడ్డు సంగతి తర్వాత, అని. కుంపటి గుమ్మం దాటి లోపలికి రాకూడదని బోర్డు పెట్టింది. గ్యాస్ గీజర్ తీసేసి కరెంటుది పెట్టించింది, ఎర్త్ చూశాకే.

మా యజమానుల వాట్సాప్ గ్రూపులో మాత్రం సలహాలు వేరేగా ఉంటాయి. తప్పు ఒప్పుకోకు, రాతలో ఏమీ ఇవ్వకు, సారీ అన్నావంటే దాన్నే పట్టుకుంటారు, ఇలాంటివి. నాకు సరిగ్గా దానికి వ్యతిరేకం అనిపిస్తుంది. ఫోన్లో మాట్లాడిందంతా ఆ తర్వాత యాప్ మెసేజ్‌లో కూడా రాస్తాను: మీరు ఇన్ని గంటలకి ఇది చెప్పారు, మేం వచ్చి చూశాం, ఇది ఆపించాం, ఫలానా టైముకి మనిషొస్తాడు. రేపు గొడవైతే నాకు దిక్కయ్యేది ఆ రాతే. డబ్బిచ్చి దిగినవాడు వినియోగదారుడే కదా, 2019 వినియోగదారుల చట్టం కింద కేసు వేయొచ్చు. 1915కి ఫోన్ చేసి మొరపెట్టుకోవచ్చు. అలాంటప్పుడు నేను నోరు మూసుకుని ఉండటం నాకే నష్టం. ఉండలేని పరిస్థితైతే ఆ రాత్రికి వేరే చోట దింపడం మా పని, ఆ డబ్బు లెక్క తెల్లారాక. రివ్యూలో ఎవరైనా రాస్తే కింద నా జవాబు రెండే వాక్యాలు: నిజమే, ఫలానా తారీఖున బాగుచేయించాం. పేరాలు పేరాలు వాదించే యజమాని ఇంటికి నేనైతే వెళ్లను.

అయితే యాప్‌ల వాళ్లని కూడా ఒక మాట అనాలి. దుప్పటి మీద మరక, పంపులో కరెంటు, రెండూ ఒకే ఫిర్యాదు పెట్టెలో పడేలా పెడితే, యజమానికి రెండూ స్టార్లు తగ్గించే గొడవల్లాగే కనపడతాయి. నా అనుభవంలో ఆ రాత్రి జరిగింది అదే.

ఇక మీ పేపర్‌కి నా విన్నపం. ఈ ఆరేళ్లలో మా ఇంటికి వచ్చి గెస్టుల ఆధార్ జిరాక్సులు చూసినవాళ్లున్నారు, విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఇచ్చారా అని అడిగినవాళ్లున్నారు. అడగాల్సిందే, నేను కాదనను. గీజర్ సాకెట్ విప్పి చూపించమన్నవాళ్లు మాత్రం ఇంతవరకు ఒక్కరూ రాలేదు. లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు అని ప్రభుత్వం ఏ పద్ధతి పెట్టినా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఒకడు వచ్చి ఎర్త్, ఆర్‌సీసీబీ చూసి సంతకం పెట్టిన కాగితం ఒకటి ఆ దరఖాస్తుకి జత చేయాలని రాయండి. మీ ఆదివారం అనుబంధంలో కెమెరా వెతకడానికి ఒక పేజీ ఇచ్చారు, దాంట్లో పావు పేజీ గీజర్‌కీ, గడియకీ, కుంపటికీ ఇవ్వండి. ఊరెళ్లి ఎవరింట్లోనైనా దిగేవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి: మొహమాటపడకండి, పెద్దావిడ ఏమనుకుంటుందో అని ఊరుకోకండి, రాత్రి పదకొండైనా ఫోన్ చేయండి. చీమల చాక్‌పీస్ వాడమంటే రెండోసారి చేయండి.

నా పేరు వేయకండి. మా వీధిలో అందరూ మీ పేపరే తెప్పించుకుంటారు, ఆ గీజర్ సంగతి ఎలక్ట్రీషియన్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇట్లు,
ఒక హోమ్‌స్టే యజమానురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం